మాస్టారు గీసిన చేతులు

మాస్టారి రేకు పెట్టె సర్దే పని నాకు అప్పగించింది నా పాండిత్యం చూసి కాదు. ఆయన చేతిరాత చదవగలిగినవాణ్ణి మా బ్యాచిలో నేనొక్కణ్ణే. ఏడో తరగతిలో అల్లరి చేసిన ప్రతిసారీ ఆయన నోట్సుకు సాపు ప్రతి రాయడమే నాకు శిక్ష. అల్లరి బాగానే చేశాను కాబట్టి ఆ గొలుసుకట్టు రాత నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టదు.

మన బడిలో చదివినవాళ్లకు మాస్టారిని పరిచయం చేయనక్కర్లేదు. ఆయనకూ మనలాగే వినపడదు. బధిర పిల్లలకు బధిరుడే పాఠం చెప్పడం ఎంత అరుదో అప్పట్లో మనకు తెలియదు. తక్కిన మాస్టార్ల సైగలు నత్తినత్తిగా ఉంటే చాటుగా నవ్వుకునేవాళ్లం, అంతే. సెలవుల్లో ఆయన ఏం చేసేవారో మాత్రం పెట్టె తెరిచాకే తెలిసింది. కట్టలు కట్టలుగా బధిరుల చరిత్ర. కొత్త కాగితం ఒక్కటీ లేదు, అన్నీ పాత ప్రశ్నపత్రాల వెనక వైపులే. ఒక పక్క మన అర్ధ సంవత్సర లెక్కల పరీక్ష, తిప్పితే పారిస్.

పారిస్ కట్టలో మొదటి కాగితం అబ్బే ద లెపె గురించి. 1760 ప్రాంతంలో బధిర పిల్లలకు బడి పెట్టిన మతగురువు ఆయన. ‘సైగల భాషను కనిపెట్టాడు’ అని రాసుకున్న మాస్టారు, తర్వాత ఎప్పుడో ‘కనిపెట్టాడు’ కొట్టేసి ‘నేర్చుకున్నాడు’ అని దిద్దారు. సిరా రంగు వేరు. కారణం పక్కనే ఉంది. పియేర్ దెలోజ్ అనే బధిరుడు, పుస్తకాలు బైండు చేసి బతికినవాడు, 1779లో తానే ఒక పుస్తకం అచ్చు వేశాడు. పారిస్ బధిరులు తమలో తాము సైగలతోనే లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకుంటారని అందులో చెప్పాడు. అంటే భాష ముందే ఉంది. మతగురువు దానికి తన వ్యాకరణం తగిలించాడు. ఒక్క క్రియాపదం మార్చడానికి మాస్టారికి ఎన్నేళ్లు పట్టిందో గానీ, పెట్టె మొత్తంలో అంతకన్నా విలువైన దిద్దుబాటు నాకు కనిపించలేదు.

ఆ కింద లొరాన్ క్లేర్, ఆ పారిస్ బడిలోనే చదివిన బధిరుడు. కాగితం మీద రాత తక్కువ, బొమ్మ ఎక్కువ. ఒక ముఖం, కుడి చెంప మీద మచ్చ, ఆ మచ్చ పక్కగా కిందికి జారుతున్న రెండు వేళ్లు, జారే దిక్కు చూపిస్తూ బాణం గుర్తు. క్లేర్ 1785లో పుట్టాడు. పసితనంలో నిప్పులో పడి చెంప కాలింది. ఆ మచ్చే అతని సైగ పేరు అయింది. పుస్తకాల్లో అక్షరాల పేరే దొరుకుతుంది, తోటివాళ్లు పిలిచిన పేరు దొరకడం కష్టం. మాస్టారు వెతికింది రెండోదాన్ని.

బడిలో క్లేర్‌కు మాట నేర్పబోయిన ఒక అధ్యాపకుడు, ‘ద’ అనమంటే ‘త’ అంటున్నాడని విసిగి గడ్డం కింద గుద్దాడు. కుర్రవాడు నాలుక కరుచుకుని ఏడ్చాడు. ఇక నోటి మాట జోలికి పోనని నిశ్చయించుకున్నాడు. ఈ వాక్యాల పక్కన మార్జిన్‌లో మాస్టారు మూడు మాటలు రాశారు: పాట, బాట, మాట. చూడగానే నాకు తరగతి గది కళ్లముందు నిలిచింది. ఆయన ఆ మూడూ పెదవులతో పలికి, ఏది ఏదో చెప్పమనేవారు. మూడింటికీ పెదవులు ఒకేలా కలిసి ఒకేలా విడతాయి. ముప్పై మందిమీ తప్పే చెప్పేవాళ్లం. ఆయన సంతోషంగా తల ఊపి, ‘తప్పు మీది కాదు’ అని సైగ చేసేవారు. ఆ మూడు మాటల కింద ఇంకా చిన్న అక్షరాల్లో: ‘నాకు స్కేలు. వేళ్ల కణుపుల మీద.’ ఆయన చదువుకున్న బడిలో సైగ చేస్తే శిక్ష ఉండేదన్నమాట. మాకెప్పుడూ చెప్పలేదు. పెట్టెలో ఆయన తన గురించి రాసుకున్నది ఇంతే.

1816లో క్లేర్, బధిరులకు చదువు చెప్పే పద్ధతి నేర్చుకోవడానికి వచ్చిన అమెరికన్ థామస్ గాలోడెట్‌తో కలిసి అమెరికా ఓడ ఎక్కాడు. 52 రోజుల ప్రయాణంలో ఒకరు ఇంగ్లీషు నేర్పితే ఇంకొకరు సైగలు నేర్పారు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు.

మిలాన్ కట్ట అన్నిటికన్నా లావు. 1880 సెప్టెంబరులో ఇటలీలోని ఆ ఊళ్లో సమావేశమైన బధిరుల బడుల అధ్యాపకులు, బధిరుల చదువుకు నోటి మాటే మేలని తీర్మానించారు. 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు జేమ్స్ డెనిసన్ ఒక్కడే. ఆ తర్వాత ఎన్నో దేశాల తరగతుల్లో సైగలు ఆగిపోయాయి, బధిర ఉపాధ్యాయుల కొలువులు పోయాయి. ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం ప్రకటించడానికి 2010 దాకా, వాంకూవర్ సమావేశం దాకా పట్టింది. ఇంత జరిగినా మాస్టారి కట్టలో తిట్టు ఒక్కటీ లేదు. 164 పక్కన ‘1’ వేసి, దాని చుట్టూ సున్నా చుట్టారు, అంతే. ఆ నిదానం నాకు అబ్బలేదు. చదువుతున్నంతసేపూ నా చేతులు వాటంతట అవే తిట్టాయి.

సైగ కాగితం మీద నిలవదని అమెరికా బధిరులకు ముందే తెలిసింది. జార్జ్ వెడిట్జ్ లాంటివాళ్లు 1913లోనే తమ సైగలను ఫిల్ము మీదికి ఎక్కించారు. ఆ వివరాల కింద మాస్టారు రాసుకున్నారు: ‘నా దగ్గర పెన్సిలు ఉంది.’

ఆ పెన్సిలుతో గీసిన కట్ట పెట్టె అడుగున ఉంది. మన సైగ పేర్లు, బ్యాచి వారీగా. నాది ఉంది, ముందు పన్ను మీద చూపుడు వేలు. అప్పుడు అక్కడ పన్ను లేదు. మా వరసలో ముగ్గురు ఇప్పుడు లేరు, వాళ్లవీ ఉన్నాయి. మాస్టారిది లేదు. సైగ పేరు ఎవరికి వారు పెట్టుకునేది కాదు, పక్కవాళ్లు ఇవ్వాల్సింది. ఆయనకు పెట్టింది మనమే కనక గీయాల్సిందీ మనమే. మా బ్యాచి చేసింది ఇలా: చూపుడు వేలు వంచి, ముక్కు మీది కళ్లజోడును పైకి ఒకసారి తోయడం. మాకన్నా రెండేళ్ల సీనియర్లు రెండుసార్లు తోసేవాళ్లమంటున్నారు. మీ బ్యాచి ఎలా చేసేదో గీసి పంపండి. గీయడం రాకపోతే వీడియో పంపండి, గీసే పని నేను చూసుకుంటాను.