సాయంత్రం అయిదింటికే అన్నం: 1971 డిసెంబరు, విశాఖపట్నం

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడుకు మా కిటికీ రెక్కలు అదిరాయి. మహారాణిపేటలో మా వీధి వీధంతా బయటికొచ్చేసింది. హార్బరు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని రేడియోలో వినడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఇప్పటికీ విశాఖలో ఆ భారత్-పాకిస్తాన్ యుద్ధమంటే ఘాజీ కథే చెబుతారు. నాకైతే అది అమ్మ అయిదింటికే అన్నాలు పెట్టేసిన కాలం.

శత్రు విమానాలకు ఊరు కనబడకుండా చీకటి పడ్డాక వెలుతురు బయటికి పోకూడదు. నాన్న పుస్తకాల అట్టలకు వేసే ఖాకీ కాగితం తెచ్చారు. అమ్మ మైదాపిండితో జిగురు ఉడికించింది. అద్దాలకు అతికించడం మా పిల్లల పని. ఒక పొర వేస్తే బల్బు కనబడుతూనే ఉంది. రెండో పొరకు కాగితం చాలక మా నోటుపుస్తకాల అట్టలు ఊడదీశాం. స్కూల్లో ఎవరూ అడగలేదు, అక్కడ ఆటస్థలంలో కందకాలు తవ్వే హడావుడి. తలుపు కింద సందుకు గోనెపట్టా మడిచి పెట్టాం. అయినా "ఎవరిల్లది? లైటార్పండి!" అని వీధిలోంచి కేక పడేది. శత్రువు కంటే ఆ కేకకే మాకు భయం.

నాయనమ్మది వేరే టెన్షన్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడి హార్బరు మీద బాంబులు వేసినప్పుడు ఆవిడ నాన్నను చంకనేసుకుని ఊరు విడిచి పోయిందట. "మూట కట్టేద్దాం నాయనా" అంటూనే ఉండేది. నాన్నకు పోర్టులో నైట్ డ్యూటీ. సైకిల్ లైటు పైసగానికి నల్లరంగు పూసుకుని వెళ్లిపోయేవారు. అమ్మ ఏమీ అనేది కాదు గానీ, ఆయన వచ్చేదాకా మేలుకునే ఉండేది.

తాతయ్యకు ఉత్తరం రాస్తే కవరు మీద తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థుల సాయం కోసం అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించాల్సి వచ్చేది. అది నాలుకతో తడిపే హక్కు కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. కాగితాలు అతికించినంత తేలిగ్గా ఊడిరాలేదు. నీళ్లు, చాకు, గోళ్లు, అన్నీ వాడినా మరకలు పోలేదు. సంక్రాంతికి సున్నం వేయడానికి వచ్చినాయన అద్దాలు చూసి, వాటికి వేరే కూలి అడిగాడు. అమ్మ బేరమాడకుండా ఇచ్చేసింది.