వాంకూవర్ నుంచి న్యూ డెన్వర్ దాకా: 1942 నాటి దారి వెంబడి

వాంకూవర్‌లోని స్టాన్లీ పార్కులో చెర్రీ చెట్ల నడుమ ఎత్తైన రాతి స్తంభం ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా తరఫున పోరాడిన 222 మంది జపాన్ సంతతి సైనికుల స్మృత్యర్థం 1920 ఏప్రిల్‌లో దానిని ప్రతిష్ఠించారు. వారిలో 54 మంది ఆ యుద్ధంలోనే మరణించారు. వాంకూవర్ ఉన్న కెనడా పశ్చిమ తీర రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో తమను సైన్యంలో చేర్చుకోకపోతే, రాకీ పర్వతాలు దాటి అల్బర్టాకు వెళ్లి చేరినవారు వీరు. ఆ స్తంభం శిఖరాన ఒక దీపం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతి వారందరినీ పసిఫిక్ తీరం నుంచి తరలించిన 1942లో దానిని ఆర్పివేశారు. 1985లో మళ్లీ వెలిగించిన చేతులు మసుమి మిత్సుయివి. మొదటి ప్రపంచ యుద్ధపు హిల్ 70 పోరులో పరాక్రమానికి మిలిటరీ మెడల్ పొందిన ఆ సార్జెంటుకు అప్పటికి తొంభై ఏడేళ్లు దాటాయి. తీరం విడిచిపొమ్మని 1942లో ఆయననూ ఆదేశించారు. అధికారుల ఎదుట తన పతకాలను ఆయన నేలకేసి కొట్టారని చెబుతారు. పోర్ట్ కోక్విట్లమ్‌లోని ఆయన వ్యవసాయ క్షేత్రాన్ని ప్రభుత్వం అమ్మివేసింది.

రెండు యుద్ధాల నడిమి కాలంలో ఈ సైనికులు కోరినది ఒక్కటే, ఓటు హక్కు. 1931లో రాష్ట్ర శాసనసభ ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో దానిని మంజూరు చేసింది, అదీ యుద్ధం చేసి వచ్చినవారికి మాత్రమే. అక్కడే పుట్టి పెరిగిన వారి పిల్లలకు సైతం ఆ హక్కు లేదు. 1936లో హిదే హ్యోదో అనే యువ ఉపాధ్యాయిని మరి ముగ్గురితో కలిసి రాజధాని ఒట్టావా వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు వాదించినా ఫలితం దక్కలేదు. ఆ రాష్ట్రంలో మన భారతీయులకు కూడా 1947 దాకా ఓటు లేదన్న సంగతి అక్కడ నిలబడినప్పుడు గుర్తుకు రాక మానదు.

నగరానికి తూర్పున ఉన్న హేస్టింగ్స్ పార్కు ఒక ప్రదర్శన మైదానం. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్‌పై దాడి చేసిన తరువాత, జపాన్ సంతతి వారి చేపల పడవలు సుమారు 1,200 స్వాధీనం చేసుకున్నారు. 1942 ఫిబ్రవరి 24 నాటి ఉత్తర్వుతో, తీరం నుంచి నూరు మైళ్ల లోపల ఉన్న ఆ సంతతి వారందరినీ తరలించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. మొత్తం సుమారు 22,000 మంది. వారిలో అత్యధికులు కెనడా పౌరులే. దూరపు ఊళ్ల నుంచి తెచ్చినవారిని ముందుగా ఈ మైదానంలోనే ఉంచారు. స్త్రీలకూ పిల్లలకూ దక్కినది పశువుల ప్రదర్శనశాల. పశువులను కట్టే గదుల మధ్య దుప్పట్లు అడ్డం కట్టుకొని వారు నెలల తరబడి బతికారు. ఆ భవనం నేటికీ నిలిచి ఉంది. దాని పొడవునా నడిచి వచ్చాక మా అమ్మాయీ నేనూ చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

మరునాడు ఉదయం కారులో తూర్పుకు బయలుదేరాం. హోప్ పట్టణం దాటిన తరువాత రహదారి దట్టమైన అడవిలోకి, ఆపైన కనుమలలోకి ఎక్కుతుంది. హోప్ నుంచి ప్రిన్స్‌టన్‌కు పోయే ఈ దారి నిర్మాణంలో, కుటుంబాల నుంచి విడదీసి తెచ్చిన జపాన్ సంతతి పురుషులు రోడ్డు శిబిరాలలో ఉండి పనిచేశారు. రహదారి 1949లో ప్రారంభమయింది. మేము హాయిగా సాగిపోతున్న మలుపులలో వారి శ్రమ ఉందని తెలిశాక, కిటికీ లోంచి కొండల అందాన్ని మాత్రమే చూస్తూ కూర్చోవడం నాకు సాధ్యం కాలేదు. హోప్‌కు పద్నాలుగు మైళ్ల దూరంలో, నూరు మైళ్ల గీతకు కాస్త అవతల, టాష్మే నిర్బంధ శిబిరం ఉండేది. సుమారు 2,600 మంది ఉన్న ఆ చోట ఇప్పుడు సన్‌షైన్ వ్యాలీ అనే చిన్న నివాస ప్రాంతం ఉంది. నాటి మాంసం దుకాణపు భవనాన్ని మ్యూజియంగా మలిచారు. దారిలోని గ్రీన్‌వుడ్‌లో ఎక్కువ సేపు ఆగలేదు. రాగి గనులు మూతపడి దాదాపు ఖాళీ అయిన ఆ ఊరికి 1942 వసంతంలో వచ్చిన కుటుంబాలను పాత హోటళ్లలో ఉంచారు.

కాసిల్‌గార్ దాటి స్లోకన్ లోయలోకి ప్రవేశించాక నీరూ కొండలూ తప్ప మరేమీ కనబడవు. ఆ లోయ చివర, స్లోకన్ సరస్సు ఒడ్డున, ఒకప్పటి వెండి గనుల ఊరు, ఆపైన నిర్బంధ శిబిరంగా మారిన న్యూ డెన్వర్. అక్కడి నిక్కేయి (అంటే జపాన్ సంతతి వారి) మ్యూజియం 1994లో ఏర్పడింది. శిబిరవాసులు 1943లో నెలకొల్పుకొన్న క్యోవకాయి సంఘమే దీనిని కట్టించింది. వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది గనుక వెళ్లదలచినవారు కాలం చూసుకోవాలి. నాటి ఇళ్లలో కొన్నింటిని ఆవరణలో భద్రపరిచారు. ఆరని పచ్చి చెక్కతో కట్టిన ఒంటి వరుస గోడలు, పైన తారు కాగితం, నడుమ ఒక పొయ్యి, రెండు కుటుంబాలకు కలిపి ఒక్క ఇల్లు. చెక్క ఎండేకొద్దీ సందులు తెరుచుకొని, చలికాలంలో గోడల లోపలి వైపున మంచు పేరుకునేది. పసిఫిక్ తీరపు మెత్తని చలికి అలవాటుపడిన ఒంటికి అది ఎంత నరకమో ఆ గదిలో నిలబడి ఊహించవచ్చు. పక్కనే ఉన్న తోట రాళ్లనూ చెట్లనూ తోటపనిలో ఆరితేరిన రాయ్ సుమి తీర్చిదిద్దారు.

నన్ను అన్నిటికంటె కలచివేసినది డబ్బు లెక్క. ఆస్తులను కాపాడతామని చెప్పి స్వాధీనం చేసుకున్న ప్రభుత్వం, 1943 జనవరి ఉత్తర్వుతో, యజమానుల అంగీకారం లేకుండానే ఇళ్లనూ పొలాలనూ అమ్మడం మొదలుపెట్టింది. వచ్చిన సొమ్ములోంచే వారి నిర్బంధపు ఖర్చులు మినహాయించుకుంది. తన ఇల్లు అమ్మగా వచ్చిన పైకంతో తన నిర్బంధానికి తానే అద్దె కట్టుకోవలసి రావడం కంటే అవమానం ఏముంటుంది? పిల్లల చదువు సంగతీ అంతే. ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలతో సరిపెట్టగా, శిబిరాలలో వాటిని నిలబెట్టింది హిదే హ్యోదో తీర్చిదిద్దిన యువ ఉపాధ్యాయినులు. ఉన్నత పాఠశాలలను చర్చిలు నడిపాయి.

ఇదంతా యుద్ధకాలపు భయం వల్ల జరిగిందని సర్దిచెప్పేవారికి తేదీలే సమాధానం. ఈ ప్రజల వల్ల ప్రమాదం లేదని సైన్యంలోని ఉన్నతాధికారులే ముందుగా చెప్పారు. కెనడాలో పుట్టిన జపాన్ సంతతి వారెవరిపైనా విద్రోహ నేరం మోపలేదని 1944 ఆగస్టులో ప్రధాని మెకెంజీ కింగ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు. అయినా 1945లో రాకీ పర్వతాలకు తూర్పుగానో, జపానుకో పొమ్మన్నారు. సుమారు 4,000 మంది తాము ఎన్నడూ చూడని లేదా ఏనాడో విడిచిన, యుద్ధంతో శిథిలమైన దేశానికి ఓడలెక్కారు. తీరానికి తిరిగి రావడంపై ఆంక్షలు 1949 ఏప్రిల్ 1న గాని తొలగలేదు, అంటే జపాన్ లొంగిపోయిన మూడున్నర ఏళ్లకు. కనుక యుద్ధం సాకు మాత్రమేనని, లోపల ఉన్నది జాతి ద్వేషమని నేను భావిస్తున్నాను. 1988 సెప్టెంబరు 22న ప్రధాని బ్రయన్ ముల్రోనీ క్షమాపణ కోరి, బతికి ఉన్న ప్రతి బాధితునికీ 21,000 డాలర్లు ప్రకటించారు. కానీ మొదటి తరంలో చాలామంది అప్పటికే గతించారు.

ఆ తరువాతి రోజు కొండ దాటి కాస్లోకు వెళ్లాం. నిర్బంధితులు నివసించిన లాంగమ్ హోటల్ ఇప్పుడు కళాకేంద్రం. యుద్ధకాలంలో ప్రచురణకు అనుమతి దొరికిన ఒకే ఒక్క జపనీస్ కెనడియన్ పత్రిక, 'న్యూ కెనడియన్', సెన్సారు చూపు కింద ఆ ఊరి నుంచే వెలువడింది. చెల్లాచెదురైన కుటుంబాలు ఎవరు ఏ శిబిరంలో ఉన్నారో తెలుసుకున్నది ఆ పత్రిక ద్వారానే.