ఓగర్ తర్వాత ఎవరు?

ఆదివారం రాత్రుళ్ళు మా పర్లాకిమిడి డాబా మీద డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, తలో పాత్రా కట్టి డైస్‌తో ఆడే కథల ఆట) ఆడతాం. సగం గొడవ ఇనిషియేటివ్ దగ్గరే, అంటే పోరులో ఎవరి వంతు ముందో తేల్చేచోట. పాతపట్నం నుంచి బండేసుకొచ్చే మా బావ రోగ్ (దొంగ పాత్ర) ఆడతాడు. డెక్స్టెరిటీ (చురుకుదనం) బోనస్ +3. ఇరవై ముఖాల డైస్ వేసి, పడినదానికి ఆ మూడూ కలిపి, ఎక్కువ నుంచి తక్కువకి వరస కడతాం. మొన్న బావకి 2 పడింది.

"ఇదేటి గురూ, ఇంత చురుకైనోణ్ణి ఆ ఇనప తొడుగోడి వెనక నిలబెడతావేటి?"

బావది బల్డర్స్ గేట్ 3 అలవాటు. 2023లో వచ్చిన ఆ వీడియో గేమ్‌లో ఇనిషియేటివ్‌కి నాలుగు ముఖాల డైసే. +3 రోగ్‌కి 4 నుంచి 7, బోనస్ లేని ఫైటర్‌కి, అంటే ఆ ఇనప తొడుగోడికి, 1 నుంచి 4. మహా అయితే ఒక్కసారి సమానం అవుతారు తప్ప ఫైటర్ ముందుకెళ్ళే దారే లేదు. ఇరవై ముఖాలైతే లెక్క మారిపోతుంది: నూటికి 34 సార్లు ఫైటరే ముందు. నాకిదే నచ్చుతుంది. ఎవరు ముందో తెలిసిపోయాక డైస్ వెయ్యడం దండగ.

అయినా ముందు వెనకలన్నది మొదటి రౌండ్‌కే. ఆ తర్వాత వరస చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. రమ్మీలో మన ముందువాడు ఏ ముక్క పడేస్తాడన్నదాన్ని బట్టే మన ఆట నడిచినట్టు, ఇక్కడా పక్కనెవరున్నారన్నదే లెక్క.

మొన్నటి పోరే చూడండి. పేర్లు రాసిన బట్టల క్లిప్పులు అట్టకి వరసగా పెట్టాను: ఓగర్ (రాక్షసుడు), ఫైటర్, క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి), బావ. ఓగర్ దుడ్డుకర్ర దెబ్బ సగటున 13. ఫైటర్ ఆడే మా ఒడియా మిత్రుడి ప్రాణం పాయింట్లు సున్నాకి పడిపోయాయి. వెంటనే అతని వంతు. "మో పాళి" (నా వంతు) అని డైస్ అందుకున్నాడు గానీ, స్పృహ లేనోడు చేసేదేముంది? డెత్ సేవ్ (బతుకుతాడో లేదో తేల్చే డైస్) వేసి ఊరుకున్నాడు. ఆ తర్వాత క్లెరిక్, అంటే మా చెల్లి, లేపింది. ఓగర్‌కీ ఫైటర్‌కీ మధ్య చెల్లి ఉండుంటే, లేచినోడు అదే రౌండ్‌లో కత్తి దూసేవాడు. ఒక్క క్లిప్పు అటు జరిగితే చాలు.

ఈ ఆట మూడో ఎడిషన్‌లో డిలే అనే నియమం ఉండేది. మన వంతు ఆపుకుని వెనక్కి జరిగితే కొత్త చోటే ఖాయం. అయిదో ఎడిషన్‌లో తీసేశారు. రెడీ యాక్షన్ (ఫలానాది జరగ్గానే చేస్తానని పని ఆపి ఉంచుకోవడం) ఉందిగానీ రియాక్షన్ (మన వంతు కానప్పుడు చేసుకునే పని) ఖర్చవుతుంది, వరస మారదు. 2024 నియమాల్లో మాత్రం అలర్ట్ అనే ఫీట్ (పాత్రకి దక్కే ప్రత్యేక నేర్పు) ఉన్నవాళ్ళు ఇనిషియేటివ్ వేసిన వెంటనే, ఒప్పుకున్న తోటివాడితో చోటు మార్చుకోవచ్చు. వచ్చే ఫీట్‌కి అదే తీసుకోమని చెల్లికి చెప్పాను. బావ కూడా తీసుకుంటానంటున్నాడు, ఎందుకో చెప్పక్కర్లేదు.