బేరీజా గుణాకారా: రెండు చాయిస్‌లు కలిస్తే ఎన్ని రకాలు?

మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా, మా సిరోంచ దిక్కు పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిల మరాఠీ. లెక్కలు కూడా మరాఠీలనే చదువుతరు కాబట్టి కూడికని బేరీజ్ అంటరు, గుణకారాన్ని గుణాకార్ అంటరు. సాయంత్రం నా దగ్గరికి లెక్కలకు వచ్చే ఆరో, ఏడో తరగతి పిల్లలు ఎక్కువ ఆగిపోయేది ఒక చిన్న ప్రశ్న దగ్గర. 3 షర్ట్‌లు, 2 ప్యాంట్‌లు ఉన్నయి, ఎన్ని రకాలుగా వేసుకోవచ్చు? చానా మంది 5 అంటరు, "బేరీజే కదా సార్" అని. కాదు గుణాకార్ అని చెప్తే 6 అని రాసుకుంటరు, కానీ ఎందుకో తెల్వకుండ రాసుకున్నది కాబట్టి కొన్ని రోజులకి అది మళ్ల 5 అయితది.

నిజానికి 5 కూడా ఒక ప్రశ్నకి జవాబే. ఆ బట్టల్లో ఏదో ఒక్కటి ఇస్త్రీకి ఇయ్యాలె అంటే 5 రకాలుగా ఇయ్యొచ్చు. ఒక్కటి తీస్తున్నమా, లేకపోతే ఇటు నుంచి ఒకటి అటు నుంచి ఒకటి తీసి జత చేస్తున్నమా, ముందు చూడాల్సింది అదే. ఇది చెప్పకుండ ఫార్ములా చెప్పుడు నాకు అస్సలు నచ్చదు.

నేనైతే గోడ మీద బారాఖడీ చార్ట్ చూపిస్త. నిలువుగా హల్లులు, అడ్డంగా గుణింతాలు. మరాఠీల క నుంచి కః దాక 12 గళ్లు, ఖ కి 12, గ కి కూడా 12. క తీసుకున్నవు కాబట్టి దానికి ఓత్వం పెట్టరాదు అనే రూల్ ఏం లేదు, ఏ హల్లు తీసుకున్నా మొత్తం 12 నీ ముందు ఉంటయి, అందుకే కూడుడు కాదు, 12 ని హల్లుల లెక్కతోని గుణించాలె. ళ, క్ష, జ్ఞ కలిపితే 36 హల్లులు, 36×12 అంటే 432 గళ్లు. ఙ, ఞ వరుసలు మామూలుగా ఎవరూ రాయరు కదా, అవి తీసేస్తే 34×12, అంటే 408.

ఇక్కడనే ఇంకోటి అడుగుత. మన తెలుగుల కె, కొ కూడా ఉన్నయి, మరాఠీల లేవు, కృ కౄ పక్కన పెడితే వరుసకి 14 గళ్లు, మరి అవే 36 వరుసలు అనుకుంటే మొత్తం ఎంత పెరుగుతది? కొందరు 2 అంటరు. చార్ట్ పక్కన ఆ రెండు నిలువు వరుసలు గీసి పైనుంచి కిందికి నింపుకుంట పోతే అప్పుడు కనపడతది, ప్రతి హల్లుకి రెండు రెండు చేరి 72 పెరిగినయి అని. 504. ఈ లెక్క పిల్లగాడు తన చేత్తోని నింపితే ఇగ మర్చిపోడు, నాకు ఆ నమ్మకం ఉంది.

అన్నిచోట్ల గుణిస్తే నడవదు. మా దిక్కు టిఫిన్ హోటళ్లల్ల రెండు దిక్కుల తిండ్లు దొరుకుతయి కదా. ఇడ్లీ, వడ, పోహా (అటుకులతోని చేసేది) మూడు. సాంబార్, కొబ్బరి చట్నీ, తర్రీ (కారంగ ఉండే పల్చని రసం) మూడు. 3×3 అంటే 9 అనాలె. కానీ పోహా మీద తర్రీ తప్ప ఇంకోటి పోయించుకోరు, ఇడ్లీ వడలకేమో తర్రీ వద్దంటరు అనుకుందాం. అప్పుడు ఇడ్లీ వడలకి 2×2, పోహాకి 1, మొత్తం 5 జతలే. ఇక్కడ మొదటి చాయిస్ రెండో చాయిస్‌ని కట్టేసింది కాబట్టి విడగొట్టి లెక్కపెట్టి ఆఖరికి కూడుకోవాలె.

అయితే ఒక సంగతి చానా మంది గమనించరు. రెండో చాయిస్‌ల ఏమేం ఉన్నయి అన్నది మారినా పర్వాలేదు, ఎన్ని ఉన్నయి అన్నది మారకుంటే చాలు. 5 గురు పిల్లల్లోంచి ఒక లీడర్‌ని, ఒక అసిస్టెంట్‌ని తీయాలె. లీడర్ ఎవరన్నదాన్ని బట్టి మిగిలేటోళ్లు మారతరు, కానీ ఎప్పుడైనా మిగిలేది 4 గురే. అందుకే 5×4, 20 నిక్కచ్చిగ వస్తది.

పెద్ద పిల్లలకి బండి నంబర్లు ఇస్త. మా గడ్చిరోలి బండ్లకి ఎంహెచ్ 33, దాని తర్వాత సిరీస్ అక్షరాలు, ఆ తర్వాత 0001 నుంచి 9999 దాక నంబర్లు. 1, 0 లతోని పొరబడొద్దని ఐ, ఓ అక్షరాలు సిరీస్‌ల వాడరు, 24 మిగులుతయి. రెండు అక్షరాల సిరీస్‌లు ఎన్ని వస్తయి అంటే 24×24, 576. ఒకే అక్షరం రెండుసార్లు రావొచ్చు కాబట్టి రెండోసారి 24, లీడర్ లెక్కల ఒకటి తగ్గినట్టు ఇక్కడ తగ్గి 23 కాదు. ఒక్కో సిరీస్‌ల 9999 బండ్లు, అంటే మొత్తం 57,59,424. ఈ జవాబు రాంగనే పిల్లలు బయట నిలబెట్టిన బండ్ల నంబర్లు చదువుకుంట ఇది ఎన్నో సిరీస్ అయితది అని వాళ్లే లెక్కేస్తరు.