వాన రోజున లాగ్‌బుక్‌లో రాసిన పేర్లు

దుబాయిలో ఒక ఐదు నక్షత్రాల హోటల్లో నేను డ్యూటీ మేనేజరుగా పనిచేస్తున్నాను. జనరల్ మేనేజరు ఇంటికి వెళ్లిన తరువాత హోటల్ మొత్తానికి జవాబు చెప్పవలసిన ఉద్యోగమిది. ఏసీ చల్లబడటం లేదన్న ఫిర్యాదు మొదలు ఫైర్ అలారం మోగడం వరకు, తమ చేతిలో లేదని ఎవరైనా వదిలేసిన ప్రతి విషయమూ చివరికి మా ఫోనుకే చేరుతుంది.

2024 ఏప్రిల్ 16, మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు డ్యూటీ ఎక్కాను. రాత్రి 11కు దిగవలసినవాడిని మరునాటి రాత్రి దాకా దిగలేదు. 1949లో వాన లెక్కలు నమోదు చేయడం మొదలైన నాటి నుంచి ఎన్నడూ లేనంత వర్షం ఆనాడు ఎమిరేట్స్‌లో కురిసింది. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలైనా తిరగకుండానే 254 మిల్లీమీటర్లు పడింది. షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. దిగవలసిన విమానాలను దారి మళ్లించారు, మరునాడు ఎమిరేట్స్ విమాన సంస్థ దుబాయి నుంచి బయలుదేరేవారి చెకిన్‌నే ఆపివేసింది.

దాంతో 12 గంటలకు ఖాళీ కావలసిన గదులు ఖాళీ కాలేదు, విమానాశ్రయం నుంచి వెనక్కి వచ్చినవారితో లాబీ నిండిపోయింది. మామూలుగా గదులకు మించి బుకింగులు పడితే అతిథిని మా ఖర్చుతో మరో హోటలుకు పంపుతాం, కానీ ఆ రోజు పంపడానికి రోడ్డే లేదు. అందువల్ల ఉన్నవారిని కదపకుండా, పసిపిల్లల తల్లులకూ వృద్ధులకూ దొరికిన గదులు ముందుగా ఇచ్చి, మిగిలినవారికి బాంక్వెట్ హాల్లో పరుపులు వేయించాను. సూట్ బుక్ చేసుకున్న ఒకాయన ఎంతో ఆగ్రహించారు. ఆయన కోపంలో న్యాయముంది. అయినా ఈనాడు మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే వరసలో గదులిస్తాను.

తెల్లవారుజామున 4 గంటలకు బేస్‌మెంటులోకి దిగాను. పగటి డ్యూటీ ముగించిన హౌస్‌కీపింగ్ వారు అల్ ఖూజ్‌లోని వసతికి తీసుకువెళ్లే బస్సు రాక, లినెన్ రూములో మడత పెట్టిన తువ్వాళ్ల మీద పడుకొని ఉన్నారు. జగిత్యాల కుర్రవాడొకడు మాత్రం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తడిసిన కార్పెట్ అంచును తువ్వాలుతో అద్ది బకెట్లోకి పిండుతున్నాడు. నీళ్లలో నాని అతని కాలివేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి. నలుగురిలో నన్ను సార్ అని పిలిచేవాడు, అప్పుడు మాత్రం "నిద్ర పడ్తలేదన్నా, గీ నీళ్లన్న ఎత్తిపోస్త" అన్నాడు.

మూసి ఉన్న స్పాను తెరిపించి, అందులోని పడకల మీద వాళ్లందరినీ పడుకోమన్నాను. అతిథుల చోట్లను సిబ్బంది వాడకూడదన్న నియమం నాకు తెలుసు. కానీ పొద్దున్నే మళ్లీ ఆ గదులన్నీ శుభ్రం చేయవలసింది వాళ్లే కదా.

తరువాత వచ్చిన కృతజ్ఞతల ఉత్తరాల్లో రిసెప్షన్ వారి పేర్లే ఉన్నాయి, ఎందుకంటే అతిథులకు కనిపించింది వాళ్లే. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం అదనపు గంటలకు మూల వేతనం మీద కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి, అయితే ఆ గంటలు కాగితం మీద ఉండాలి. బుధవారం రాత్రి హ్యాండోవర్ ఇచ్చే ముందు లాగ్‌బుక్‌లో పద్నాలుగు మంది పేర్లు, ఉద్యోగి నంబర్లు, పని మొదలుపెట్టిన వేళలు రాసి, స్పా తెరిపించడం నా నిర్ణయమని కింద సంతకం పెట్టాను. నెలాఖరున జగిత్యాల కుర్రవాడు జీతం స్లిప్పులో ఓవర్‌టైమ్ అన్న వరసను ఫోనులో పెద్దది చేసి నాకు చూపించాడు.