ఇంప్లాంట్లు నాకు, ప్రశ్నలు మా ఆయనకి: నా అనుభవం

రొమ్ముల సైజు పెంచడానికి లోపల ఇంప్లాంట్లు, అంటే మెత్తటి సంచుల్లాంటివి, పెట్టే సర్జరీ అయిపోయింది. చేతులు పైకెత్తొద్దు, బరువులు మోయొద్దు అన్నారు. ఊరికే కూర్చోవాలి కాబట్టి, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు ముందు నుంచీ రొమ్ములు చిన్నవే. పిల్లలకు పాలు మాన్పించాక ఉన్న కాస్త నిండుతనమూ పోయింది, ఎడమవైపు మరీ. జబ్బేమీ లేదు. ఎవరూ వెక్కిరించలేదు. మా ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. అద్దంలో చూసుకుంటే నాకు నచ్చలేదు, మార్చుకోవాలనిపించింది. ఇంతే కారణం. అదే ఎవరికీ మింగుడుపడలేదు.

"ఈ వయసులో ఎవరికి చూపించాలని?" అంది మా వదిన. నలభై దాటాక పళ్లకు క్లిప్పులు వేయించుకున్న మనిషి ఆవిడ. అప్పుడు ఆ మాట నేనడగలేదు. మా పెద్దమ్మ కూతురు, అక్క, క్యాన్సర్‌తో రొమ్ము తీసేశాక ఇంప్లాంట్ పెట్టించుకుంది. తను పడినదాని ముందు నా కోరిక తేలిపోతుందేమోనని చెప్పడానికి బిడియపడ్డాను. అక్క నవ్వేసింది. "నన్ను మాత్రం వదిలారా? ప్రాణం దక్కింది చాలదా, మళ్లీ ఇదెందుకు అన్నారు" అంది. ఆ రోజు నుంచి ఎవరికీ కారణాలు చెప్పడం మానేశాను.

రక్తపరీక్షలు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఇబ్బంది లేకుండా అయిపోయాయి. అసలు కథ మొదటి సర్జన్ దగ్గర.

ఫారంలో "సర్జరీ ఎందుకు కోరుకుంటున్నారు" అని ఒక గడి ఉంది. "నాకు కావాలి కాబట్టి" అని రాశాను. అక్కడి కౌన్సెలర్ అది చదివి, పెన్ను తీసుకుని కొట్టేసి, "ఆత్మవిశ్వాస లోపం, దాంపత్య సమస్య" అని రాసింది. నా కళ్లెదుటే! ఇదేంటమ్మా అంటే "ఏదో ఒకటి ఉండాలి కదా మేడమ్" అంది. లేని సమస్యను నా ఫైల్లోకి ఎక్కించడానికి ఆమెకి అర నిమిషం పట్టలేదు.

లోపల సర్జన్ నన్ను చూసి తలూపి, మా ఆయన వైపు తిరిగాడు. "సార్, ఏ సైజు అనుకుంటున్నారు?" పాపం, మా ఆయనకి ఎటు చూడాలో తెలియలేదు. "నన్నెందుకండీ అడుగుతారు, తనని అడగండి" అన్నాడు. "ఆడవాళ్లు మొహమాటపడతారు సార్" అని నవ్వి, ఎన్ని సీసీల (ఇంప్లాంట్ పరిమాణం కొలత) పెట్టాలో ఆ లెక్కలు కూడా ఆయనకే చెప్పుకుంటూ పోయాడు. నేను కర్టెన్ వెనక పైబట్ట లేకుండా నిలబడి వింటున్నాను. తర్వాత ఫొటోలు తీశారు. తలుపు సగం తెరిచే ఉంది. ఈ ఫొటోలు ఎక్కడ ఉంచుతారు, ఎవరెవరు చూస్తారు అని అడిగితే ఫొటో తీసే అమ్మాయి కౌన్సెలర్ వైపు చూసింది, కౌన్సెలర్ ఫోన్ వైపు చూసింది.

ఇవి ఎన్నేళ్లు ఉంటాయి అని అడిగాను. "లైఫ్‌లాంగ్. ఇంటర్నెట్ చదివి టెన్షన్ పడకండి మేడమ్."

నేను ఊరికే వెళ్లలేదు, అంతా చదువుకునే వెళ్లాను. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావు, ఏళ్లు గడిచేకొద్దీ సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది అని మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2021లో తన అతి తీవ్రమైన హెచ్చరికను ఇంప్లాంట్ల మీదే పెట్టించింది. పైపొర గరుకుగా ఉండే రకాలకూ లింఫోమా అనే అరుదైన ఒక రకం క్యాన్సర్‌కూ సంబంధం బయటపడి, 2019లో ఒక పెద్ద కంపెనీ తన సరుకును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మీరు పెట్టేది నునుపుదా గరుకుదా అని అడిగితే "అన్నీ ఒకటే" అన్నాడు. లేచి బట్టలు వేసుకుని వచ్చేశాను. కత్తి పడేది నా ఒంటి మీద, సంతకం నాది, మాట మాత్రం పక్కన కూర్చున్న మగాడితోనా?

రెండో సర్జన్ కూడా ఎందుకు అనే అడిగింది. కానీ ముందు మా ఆయన్ని బయట కూర్చోమంది. ఎవరైనా బలవంతపెడుతున్నారా, సర్జరీ తర్వాత జీవితంలో ఏం మారుతుందని అనుకుంటున్నారు అని నిదానంగా అడిగింది. ఏమీ మారదు, అద్దం ముందు కాస్త సంతోషంగా ఉంటాను అన్నాను. అదే రాసుకుంది. ఛాతీ వెడల్పు కొలిచి, బ్రాలో శాంపిళ్లు పెట్టి చూపించింది. నేను మనసులో పెట్టుకున్న సైజు నా ఛాతీకి ఎక్కువని మొహం మీదే చెప్పింది. సెలైన్‌ది, అంటే ఉప్పునీళ్లు నింపినది, పగిలితే చదునైపోయి వెంటనే తెలిసిపోతుంది, సిలికాన్ జెల్‌ది పగిలినా బయటికి తెలియకపోవచ్చు, అందుకే ఐదారేళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి ఎంఆర్ఐ లేదా అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి అంది. ఇంప్లాంట్ చుట్టూ శరీరం కట్టుకునే పొర గట్టిపడి బిగుసుకుపోవచ్చనీ, అప్పుడు మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చనీ చెప్పింది. అన్నీ విన్నాక నునుపు రకం, సిలికాన్, ఛాతీ కండరం కింద పెట్టించుకోవాలని తేల్చుకున్నాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, మత్తులో ఉన్నాను. నొప్పి మాత్రం కండరం కింద పెడితే గట్టిగానే ఉంటుంది. మంచం మీద నుంచి లేవడానికి చేతులు ఆనించలేం. "చిన్న ప్రొసీజర్" అనేవాళ్లని నమ్మకండి. ఎడమ చనుమొన దగ్గర స్పర్శ ఇంకా రాలేదు. నెలలు పట్టొచ్చు, రాకపోనూవచ్చు. ముందే చెప్పారు కాబట్టి గొడవ లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు తోడు తీసుకెళ్లండి, కానీ మాట మీరే మాట్లాడండి. కంపెనీ, సీరియల్ నంబరు ఉన్న ఇంప్లాంట్ కార్డు చేతికి రాకుండా డిశ్చార్జ్ కావద్దు. మళ్లీ పిల్లల్ని కనే ఆలోచన ఉంటే కోత ఎక్కడ పెడతారో అడగండి, చనుమొన చుట్టూ కోస్తే పాలివ్వడానికి ఇబ్బంది రావచ్చు. మామోగ్రామ్‌కి వెళ్లినప్పుడు ఇంప్లాంట్లు ఉన్నాయని ముందే చెప్పాలి, అదనంగా కొన్ని ఫిల్ములు తీస్తారు.

మొదటి చోట తీసిన ఫొటోలు తీసేయమనీ, ఆ "దాంపత్య సమస్య" కొట్టేయమనీ లెటర్ పెట్టాను. ఇంకా జవాబు లేదు. చేయి కాస్త లేవగానే నేనే వెళ్లి అడుగుతాను.