వీడర్ కార్బొరేటర్: స్క్రూ కంటే ముందు జెట్టు

గార్లదిన్నె దగ్గర మా చీనీ (బత్తాయి) తోటలో కలుపు తీసే పెట్రోలు వీడర్ చాలావరకు దారికి వచ్చింది. జబ్బు కార్బొరేటర్‌లో, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగంలో ఉంది. హోండా జీఎక్స్160 ఇంజన్, 163 సీసీ, ఒకే సిలిండర్. స్లోలో పెడితే రేసు (ఇంజన్ తిరిగే వేగం) తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఊగేది. చోక్ సగం మూయగానే సర్దుకునేది. ఆ ఒక్క పరీక్షతోనే సగం సంగతి తెలిసిపోతుంది. చోక్ మూస్తే గాలి తగ్గుతుంది. గాలి తగ్గినప్పుడు ఇంజన్ నిలకడగా నడిచిందంటే దానికి పెట్రోలు చాలడం లేదని అర్థం. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా స్క్రూడ్రైవర్ అందుకుంటారు. నా మటుకు కార్బొరేటర్ స్క్రూ తిప్పడం చివరి పని, పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్కను, అంటే జెట్టును, ముందు చూడాలి.

పక్క తోట కుర్రాడు వచ్చి చూసి, "అన్నా, గవర్నర్ స్ప్రింగు కాస్త లాగి కడితే సరిపోదా?" అన్నాడు. వద్దన్నాను. ఈ ఇంజన్ పూర్తి శక్తి లెక్క 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్‌ను కదిలించి ఆ హద్దు దాటిస్తే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్‌కే ముప్పు. పెట్రోలు అందని జబ్బుకు అది మందు కానే కాదు.

శనివారం పెట్రోలు కాక్ కట్టేసి, కార్బొరేటర్ కింది గిన్నె బోల్టును పది నంబరు స్పానర్‌తో విప్పాను. అడుగున ఎర్రమట్టి నలుసులు, వాటి మీద పసుపుపచ్చ జిగురు పొర. ఇంజన్‌ది తప్పేమీ లేదు, నిలవ ఉన్న పెట్రోలు చేసిన పని ఇది. వానకూ వానకూ మధ్య మా వైపు వీడర్‌కు పెద్దగా పని ఉండదు. అన్నాళ్లూ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరవుతూ జిగురును వదిలిపోతుంది. పైగా ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

మెయిన్ జెట్టు బాగానే ఉంది. స్లోలో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టును బయటికి తీసి ఎండకు ఎత్తి చూశాను. అవతలి వెలుగు గుండ్రంగా కనిపించాలి, నాకు సన్నటి చీలికలా కనిపించింది. క్లీనర్ కొట్టి కాసేపు నాననిచ్చి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో మెల్లగా పొడిచాను. సూది గానీ ఉక్కు తీగ గానీ వాడకూడదు. జెట్టు ఇత్తడిది, గీత పడితే రంధ్రం కొలతే మారిపోతుంది. ఆ తర్వాత గాలి కొట్టించి మళ్లీ ఎండకు పెడితే నిండు చుక్క కనిపించింది. ఆ చుక్క చూశాక కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు!

గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ ఎత్తు 13.7 మిల్లీమీటర్లు ఉండాలి, ఉంది. గ్యాస్కెట్లు చిరగలేదు. అవి చిరిగి దొంగగాలి లోపలికి పోయినా రేసు ఇలాగే ఊగుతుంది కాబట్టి చూడక తప్పదు. ఎయిర్ ఫిల్టర్‌లోని స్పాంజిని సబ్బు నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజనాయిల్ పట్టించి పిండాను. మన ఎర్రనేల దుమ్ముకు ఈ పని ఎంత తరచుగా చేస్తే అంత మంచిది. ఫిల్టర్ పెట్టకుండా ట్యూనింగ్ చేయవద్దు. తర్వాత ఫిల్టర్ బిగించగానే గాలి తగ్గి లెక్క తప్పుతుంది.

స్క్రూ వంతు ఆదివారం వచ్చింది. స్లోలో మిశ్రమాన్ని సరిచేసే పైలట్ స్క్రూను తేలిగ్గా ఆనేదాకా లోపలికి తిప్పి, అక్కడి నుంచి రెండు చుట్లు వెనక్కి తీశాను. గట్టిగా బిగిస్తే మొన కూర్చునే చోటు పాడవుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ రేసు ఎక్కడ ఎక్కువగా, నున్నగా వినిపిస్తుందో అక్కడ ఆపాను. రెండు చుట్లకు కాస్త ఎక్కువే వచ్చింది. అది సహజమే. బరువు లెక్కన మామూలు పెట్రోలు ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అందుకే అదే జెట్టులోంచి ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తే గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. చివరగా థ్రాటిల్ స్క్రూతో స్లోను 1,400 ఆర్‌పీఎం దగ్గర నిలిపాను.

చెట్ల పాదుల చుట్టూ పైపైన దున్ని (చీనీ వేర్లు పైనే ఉంటాయి, లోతు పనికిరాదు), ఇంజన్ ఆపి, చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి చూశాను. కొన కాఫీపొడి రంగులో ఉంది, మసి లేదు, తెల్లబారలేదు. గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకు సరిచేసి బిగించాను. ఇక నుంచి పని ముగిశాక కాక్ కట్టేసి, గిన్నెలోని పెట్రోలు అయిపోయి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపిస్తాను.

గట్టినేలలో బ్లేడు దిగినప్పుడు మాత్రం ఇంకా ఒక్క క్షణం తడబడుతోంది. కార్బొరేటర్‌లో వెతకాల్సింది ఇక లేదనిపిస్తోంది, వాల్వుల మీద అనుమానం ఉంది. చల్లని ఇంజన్‌లో వాల్వు సందు ఇన్‌లెట్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ అనంతపురం నుంచి తెప్పిస్తున్నాను, వచ్చే ఆదివారం వాల్వుల మీది ట్యాపెట్ కవర్ విప్పుతాను.